‘బ్యాకప్ పూర్తయింది’ అనే ముందు ఒకసారి సరిచూడండి: వంశవృక్ష సాఫ్ట్‌వేర్ తయారీదారులకు బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా,

నేను కావలి వాసిని. ముప్పై ఒక్క ఏళ్లు సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయం ఎదుట బల్ల వేసుకుని దస్తావేజులు రాశాను. క్రయాలు, దానాలు, వీలునామాలు, అన్నదమ్ముల భాగపంపకాలు. ఎవరు ఎవరికి ఏమవుతారో తేలనిదే ఒక్క వాక్యం కదలని పని అది. బల్ల తీసేశాక మా వంశవృక్షాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించే పని పెట్టుకున్నాను. ఇప్పటికి ఏడు తరాలు, 1,846 మంది.

ప్రతి శుక్రవారం మీ సాఫ్ట్‌వేర్ నాకు ఒక మాట చెప్పేది: ‘బ్యాకప్ విజయవంతంగా పూర్తయింది.’ ఆ మాట నిజం కాదు. దాన్ని నమ్మి నేను చెరపకూడనిది చెరిపేశాను. ఎవరి సాఫ్ట్‌వేర్ అన్నది ఇక్కడ రాయను. నాలుగైదు రకాలు వాడేవారితో మాట్లాడాక ఇది ఒక్కరి లోపం కాదని తెలిసింది. అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను.

ఆ వృక్షంలో ఏముందో ముందు చెప్పాలి. మా పూర్వీకులది కందుకూరు దగ్గర ఒక పల్లె. మా ముత్తాత పుట్టిన నాటికి అది నెల్లూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వెళ్లింది. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు. 2022లో కందుకూరుతో పాటు తిరిగి నెల్లూరు జిల్లాలో కలిసింది. ఉన్న ఇంట్లోంచి కదలకుండానే మా వాళ్లు జిల్లాలు మారారు. ఎవరు పుట్టినప్పుడు ఏ జిల్లాయో ఒక్కొక్కరి కింద విడివిడిగా రాసుకున్నాను. పాత పత్రం వెతకాలంటే ఆనాటి జిల్లా పేరుతోనే వెతకాలి మరి. ఇక మేనరికాలు. మేనమామను చేసుకున్నవాళ్లు, మేనత్త కొడుకును చేసుకున్నవాళ్లు మా ఇంట్లో తరానికి ఇద్దరు ముగ్గురున్నారు. ఒకే మనిషి ఒక దారిలో తాత, ఇంకో దారిలో మామ. ఇవన్నీ ముడులు పడకుండా ఎక్కించడానికి నాకు మూడేళ్లు పట్టింది.

వీటికి ఆధారం కాగితాలు కొంత, మా మేనత్త ఎక్కువ. పొదిలిలో ఉండేది. చదువు నాలుగో తరగతి. ఇంట్లో ఎవరు ఏ తిథినాడు పోయారో, ఎవరి పుట్టిల్లు ఏ ఊరో, ఏ కోడలు ఏ గోత్రం నుంచి వచ్చిందో ఒక్కటి తప్పకుండా చెప్పేది. 1989 నవంబరు తుపానుకు కావలిలో మా ఇంటి పెంకులు ఎగిరిపోయి, ట్రంకుపెట్టెలో ఉన్న తాతగారి పుస్తకం సిరా అంతా కరిగిపోయింది. ఆ రోజు మా వంశం మొత్తం పోయిందనుకున్నాం. మేనత్త పెళ్లినాడు తాత తన చేత్తో రాసి ఆమె చేతికిచ్చిన నకలు పొదిలిలో ఉంది. దాన్నుంచే మళ్లీ రాసుకున్నాం. నకలు విలువ ఏమిటో మా ఇంట్లో అందరికీ తెలుసు. బ్యాకప్ అన్న మాట విన్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ పుస్తకమే.

ఆమె మాటలు రికార్డు చేయడం మొదలుపెట్టాను. నాణ్యత బాగుంటుందని కుదించని ఆడియోగా, గంటకు దాదాపు అరవై కోట్ల బైట్లు. మొత్తం తొమ్మిది రికార్డింగులు. చివరిది నిరుడు సంక్రాంతికి, వాళ్ల ఇంటి అరుగు మీద. ఆ శుక్రవారం దాన్ని వంశవృక్షంలో చేర్చి, పెన్ డ్రైవ్ పెట్టి, బ్యాకప్ నొక్కాను. ఆకుపచ్చ గీత నిండింది. విజయవంతంగా పూర్తయిందన్నారు. ఫోనులో చోటు లేదు కాబట్టి అసలు రికార్డింగును తీసేశాను. జ్యేష్ఠ మాసంలో మేనత్త కాలం చేసింది. భాద్రపదంలో నా ల్యాప్‌టాప్ డిస్కు పోయింది.

మా అన్నయ్య కొడుకు ఒంగోలు నుంచి వచ్చాడు. కొత్త కంప్యూటర్‌లో మీ సాఫ్ట్‌వేర్ వేసి, పెన్ డ్రైవ్ పెట్టి, పునరుద్ధరించమంటే ‘ఫైలు పాడైంది’ అన్న సమాధానం వచ్చింది. దానికి ముందు వారంది ప్రయత్నించాం. అదీ అంతే. ఐదు వారాల ఫైళ్లూ అంతే. మీ సాఫ్ట్‌వేర్ చివరి ఐదు బ్యాకప్‌లే ఉంచి పాతవి తీసేస్తుందట. ఆరోది లేదు.

పాత అలవాటు కొద్దీ ఒక్కో ఫైలు పరిమాణం చదవమన్నాను. చదివాడు: 4,29,49,67,295 బైట్లు. రెండోదీ అంతే. మూడోదీ అంతే. ఐదో ఫైలు దగ్గర వాడి గొంతు మారింది.

“చిన్నాన్నా, అన్నీ ఒకటే అంకె.”

వేర్వేరు రోజుల్లో రాసిన ఐదు దస్తావేజుల్లో అక్షరాల లెక్క ఒకటే ఎలా అవుతుంది? వారం వారం నేను ఏదో ఒకటి చేరుస్తూనే ఉన్నాను కదా. ఆ అంకెలోనే జబ్బు దొరికింది. నా పెన్ డ్రైవ్ ఫ్యాట్32 అనే, ఫైళ్లను అమర్చి దాచే పాత పద్ధతిలో ఉంది. దుకాణంలో కొన్న చాలా పెన్ డ్రైవ్‌లు అలాగే వస్తాయి. ఆ పద్ధతిలో ఒక ఫైలు పరిమాణాన్ని 32 బిట్ల సంఖ్యగా రాసుకుంటారు. అందులో పట్టే అతి పెద్ద సంఖ్య సరిగ్గా అదే. నాలుగు జీబీ దగ్గర పాత్ర నిండిపోయింది, మిగిలింది నేలపాలయింది. నాలుగు జీబీ దాటించింది ఏదంటే, సంక్రాంతినాటి ఆ రికార్డింగు. మేనత్త చివరి మాటలు చేర్చిన రోజు నుంచే నా బ్యాకప్‌లన్నీ చెడ్డవి. ఆ తర్వాత ఐదు శుక్రవారాల్లో ఐదు చెడ్డ నకళ్లు వచ్చి, ఐదు మంచి నకళ్లను ఒక్కొక్కటిగా తుడిచేశాయి. ప్రతిసారీ అదే మాట, విజయవంతం.

అప్పుడు ఒంగోలులో ఉన్న రెండో నకలు గుర్తొచ్చింది. రెండేళ్ల క్రితం ఒక జెడ్‌కామ్ ఫైలు తీసి వాడికి పంపాను. ఏ వంశవృక్ష సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకొకదానికైనా సమాచారం పట్టుకెళ్లే ఉమ్మడి పద్ధతి అది. 1984 నుంచి ఉంది. తెరిచాం. మనుషులందరూ వచ్చారు, తండ్రీ కొడుకుల గీతలు సరిగ్గానే ఉన్నాయి, పేర్లే లేవు. పేరు ఉండాల్సిన ప్రతి చోటా ప్రశ్నార్థకాలు. మా ముత్తవ్వ మరణం కింద ఏడు పేరు ‘కాళయుక్తి’ అని రాసిన చోట తొమ్మిది ప్రశ్నార్థకాలు. లెక్కపెట్టాను. క, దీర్ఘం, ళ, య, కొమ్ము, క, పొల్లు, త, గుడి. కంప్యూటర్ లెక్కలో తొమ్మిది. అంటే మీ సాఫ్ట్‌వేర్ ప్రతి గుర్తునూ చూసింది, ఒక్కొక్కదాన్నీ తుడిచి దాని స్థానంలో ప్రశ్నార్థకం పెట్టింది, తెలుగు పోతోందని నాతో అనలేదు. ఎగుమతి చేసేటప్పుడు అక్షరాల పద్ధతి అని ఒక పెట్టె ఉంటుంది. అందులో తెలుగుతో సహా అన్ని లిపులూ పట్టే యూటీఎఫ్-8 కాకుండా పాత పద్ధతి ముందుగానే ఎంచి ఉంది. 1999 నాటి జెడ్‌కామ్ 5.5.1లోనే యూటీఎఫ్-8 వచ్చింది. 2021 నాటి 7.0లో అది తప్ప ఇంకొకటి లేదు. మరి ఇంకా పాతదాన్నే ముందు పెట్టడం ఎందుకు?

కుర్రవాడు పట్టు వదలలేదు. మీ బ్యాకప్ అనేక ఫైళ్లను ఒక్క మూటగా కట్టిన జిప్ ఫైలు. దాని విషయసూచిక చివర ఉంటుందట. చివరి భాగం తెగిపోయింది కాబట్టి ఫైలు మొత్తం తెరుచుకోవడం లేదు. అయితే లోపలి ప్రతి ఫైలుకూ ముందు దాని చిరునామా చీటీ ఒకటి విడిగా ఉంటుంది. మరమ్మతు చేసే సాధనం ఒకటి దించుకుని, ఆ చీటీలు పట్టుకుని మొదటి నుంచి ఒక్కొక్కటే బయటికి తీశాడు. తెల్లవారుజామున మూడు గంటలకు వంశవృక్షం తెరుచుకుంది. 1,846 మందీ ఉన్నారు. నా భార్య కళ్లు తుడుచుకుంది.

ఫోటోలు 612 వచ్చాయి, పేర్లు లేకుండా. నేను ఫైలుకు ‘మేనత్త పెళ్లి పొదిలి’ అని తెలుగులో పేరు పెడితే, బయటికి వచ్చేసరికి అది గ్రీకు అక్షరాలూ గీతలూ కలిసిన గజిబిజిగా మారింది. పేరు యూటీఎఫ్-8లో ఉందని చెప్పే ఒక గుర్తు జిప్‌లో పెట్టాలి, మీ సాఫ్ట్‌వేర్ పెట్టలేదు. పేరు కలవక వంశవృక్షానికీ ఫోటోకూ లంకె తెగింది. నలభై రోజులు నేనూ నా భార్యా కూర్చుని ఒక్కో ముఖాన్ని గుర్తుపట్టి తిరిగి కలిపాం. పదహారు ముఖాలు ఇంకా ఎవరివో తేలలేదు. వాటిని గుర్తుపట్టగలిగిన మనిషి పొదిలిలో ఉండేది.

రికార్డింగుల్లో ఎనిమిది పూర్తిగా దక్కాయి. తొమ్మిదోది ఆరో నిమిషంలో ఆగిపోతుంది. చీకట్లో ఎక్కడో కుక్క అరుస్తుంటే మేనత్త చెబుతోంది: “కాళయుక్తిలో జ్వరాలు వచ్చినప్పుడు ఒక్క కార్తీకంలోనే ఇంట్లో ముగ్గురు పోయారంట నాయనా. మా నాయనమ్మ, ఆమె తోడికోడలు, ఇంకొక పిల్లవాడు. వాడి పేరు...” అంతే. కాళయుక్తి నామ సంవత్సరం అంటే 1918, ఇన్‌ఫ్లుయెంజా ఊళ్లను ఊడ్చేసిన ఏడు. ఆ పిల్లవాడి పేరు ఆమె చెప్పింది. నేను ఎదురుగా కూర్చుని విన్నాను. తర్వాత తీరిగ్గా రాసుకుందామనుకున్నాను, మనసులో నిలవలేదు. మా వృక్షంలో ఇప్పుడు అతని స్థానంలో ఖాళీ గడి ఉంది.

నేను కోరేది కొత్తది కాదు. కంప్యూటర్లు రాకముందు రిజిస్ట్రార్ కార్యాలయంలో ప్రతి దస్తావేజునూ చేత్తో పెద్ద పుస్తకంలోకి ఎక్కించేవారు. ఎక్కించినవాడు ఒకడు. ఆ తర్వాత ఒకరు అసలు పైకి చదువుతుంటే మరొకరు నకలు మీద వేలు పెట్టి చూసేవారు. కొట్టివేత ఉంటే కింద రాసేవారు. చివర రాసినవారి సంతకం, సరిచూసినవారి సంతకం. రెండో సంతకం లేని నకలు ఇస్తే ఏ కక్షిదారుడూ తీసుకునేవాడు కాదు, ఏ కోర్టూ ఒప్పుకునేది కాదు. నెలకు కొద్ది జీతం తీసుకునే గుమాస్తాలు, ఎండాకాలం మధ్యాహ్నాల్లో చెమట కాగితం మీద పడకుండా తువ్వాలు వేసుకుని చేసిన పని అది. క్షణంలో కోట్ల లెక్కలు చేసే యంత్రానికి అది భారం కాదు.

ఫైలు రాశాక మూసి, మళ్లీ తెరవండి. జిప్‌లో ప్రతి ఫైలుకూ ఒక తనిఖీ సంఖ్య ఉంటుంది, మీరే రాస్తారు. దాన్ని మీరే చదివి పోల్చండి. పోల్చాక లెక్క చెప్పండి: ఇంతమంది మనుషులు, ఇన్ని ఫోటోలు, ఇన్ని రికార్డింగులు అసలులో ఉన్నాయి, నకలులోనూ అన్నే ఉన్నాయి. తేడా ఉంటే విజయవంతం అన్న మాట నోట రానివ్వకండి. కొత్త నకలు సరిచూసే దాకా పాత మంచి నకలును ముట్టుకోవద్దు. ఈ ఒక్క నియమం ఉన్నా, నా తొమ్మిదో రికార్డింగు ఆ నకలులో దక్కేది కాకపోయినా, చెడిందని ఆ శుక్రవారమే తెలిసేది. అసలు అప్పటికి ఫోనులోనే ఉంది.

పెన్ డ్రైవ్ ఏ పద్ధతిలో ఉందో మీ సాఫ్ట్‌వేర్ ముందే చూడగలదు. ఫ్యాట్32 అయి, ఫైలు నాలుగు జీబీ దాటేలా ఉంటే రాయకముందే చెప్పండి, లేదా ముక్కలుగా రాయండి. నేను ఇప్పుడు అంతకంటే పెద్ద ఫైళ్లనూ పట్టే ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలోకి మార్చుకున్నాను, ఇబ్బంది లేదు. మార్చేటప్పుడు పెన్ డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది కాబట్టి ముందు వేరే చోటికి తీసి పెట్టుకోవాలి. ఇది చదువుతున్న మా జిల్లాల వాళ్లెవరైనా ఈ రోజే ఒకసారి తమ పెన్ డ్రైవ్ మీద కుడి మీట నొక్కి, గుణాల్లో (ప్రాపర్టీస్) అది ఏ పద్ధతిలో ఉందో చూసుకోండి.

నా సంగతి విని చాలామంది తమ ఇబ్బందులు చెప్పారు. కనిగిరిలో ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలికి ‘రాయడానికి అనుమతి లేదు’ అని వచ్చేది. ఆమె రెండుసార్లు సాఫ్ట్‌వేర్ తీసి వేసుకుంది. అసలు కారణం విండోస్ భద్రతలో ఉంది. అపరిచిత సాఫ్ట్‌వేర్లు డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో చెయ్యి పెట్టకుండా ఆపే రక్షణ అది. అనుమతించిన వాటి జాబితాలో మీ సాఫ్ట్‌వేర్‌ను చేర్చగానే సరిపోయింది. దర్శిలో ఒకాయన ఫోల్డర్ లోపల ఫోల్డర్‌గా ఇంటిపేరు, గోత్రం, ఊరు, శాఖ, అన్నీ నిండుగా తెలుగులో రాసుకున్నారు. ఎంతో పద్ధతిగా ఉంది. కానీ విండోస్‌లో చాలా సాఫ్ట్‌వేర్లు మొత్తం దారిని 260 గుర్తులకు మించనివ్వవు. మన కంటికి ‘శ్రీ’ ఒక్క అక్షరం, దాని లెక్కలో నాలుగు. తెలుగువాడి ఫోల్డర్లు అందుకే త్వరగా నిండిపోతాయి. పైన ఉన్న ఫోల్డర్ల పేర్లు కుదించాక ఆయనకు బ్యాకప్ వచ్చింది. నెల్లూరులో బ్యాంకు ఉద్యోగం చేసే మా బంధువొకరు వంశవృక్షాన్ని తెరిచి ఉంచే, నేరుగా ఇంటర్నెట్ నిల్వ ఫోల్డర్‌లో పెట్టుకున్నారు. ఇక్కడ ఆయన రాస్తుంటే అక్కడ సగం ఫైలు పైకి పోతోంది. రెండు కంప్యూటర్ల మధ్య రెండు వేర్వేరు వృక్షాలు తయారయ్యాయి. చాలా సాఫ్ట్‌వేర్లు తాజాగా రాసినదాన్ని కొంతసేపు పక్క ఫైలులో ఉంచుతాయి, మూసినప్పుడు అంతా అసలులో కలుపుతాయి. కాబట్టి వృక్షాన్ని కంప్యూటర్‌లోనే ఉంచి, మూసేశాక బ్యాకప్ ఫైలును మాత్రమే పైకి పంపాలి.

ఈ మూడింటిలోనూ మీ సాఫ్ట్‌వేర్ అసలు కారణం చెప్పలేదు. కారణం దానికి తెలుసు. ‘దారి పేరు పొడవైంది, ఈ ఫోల్డర్ పేరు తగ్గించండి’ అని రాయడానికి ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం తెలుగులో కావాలి. వంశం వివరాలు తెలిసినవాళ్లు డెబ్బై ఏళ్ల వాళ్లు. ఇంగ్లీషు హెచ్చరిక కనిపిస్తే భయపడి సరే అని నొక్కేస్తారు. మీ వాళ్లు లక్షల మంది ఇళ్ల పేర్లు భద్రపరిచే పని చేస్తున్నారు, అది చిన్న పని కాదని నాకు తెలుసు. తెలిసే అడుగుతున్నాను.

తిథుల సంగతి కూడా ఇక్కడే చెబుతాను. జెడ్‌కామ్ పాత పద్ధతిలో తేదీకి గ్రెగోరియన్, జూలియన్, హీబ్రూ, ఫ్రెంచి విప్లవ కాలపు క్యాలెండర్‌లకు చోటుంది. కార్తీక బహుళ ద్వాదశికి లేదు. మేము దాన్ని గమనికలో రాస్తాం. ఆబ్దికం పెట్టేది ఆ తిథికే, ఇంగ్లీషు తేదీకి కాదు. ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి మారినప్పుడు మొదట రాలిపోయేవి గమనికలే. 7.0లో కొత్త క్యాలెండర్‌లు చేర్చుకునే వీలు, తేదీ పక్కన మాటల్లో రాసుకునే చోటు కూడా ఇచ్చారు. వాడండి.

ఇక మా బంధువులకు ఒక మాట. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు కోవూరు వైపు మనవాళ్ల ఇంట్లోకి నీళ్లొచ్చాయి. కంప్యూటరూ పెన్ డ్రైవూ ఒకే సొరుగులో ఉన్నాయి, రెండూ మునిగాయి. నకలు ఇంకో ఊళ్లో ఉండాలి. మాది ఇప్పుడు ఒంగోలులో ఒకటి, పొదిలిలో మేనత్త కోడలి దగ్గర ఒకటి ఉన్నాయి. ప్రతి అమావాస్యకూ పొదిలి నకలును అక్కడి కంప్యూటర్‌లో నిజంగా తెరుస్తారు. ఆ అమ్మాయి ఫోనులో నాకు పది పేర్లు చదివి వినిపిస్తుంది. నేను ఇక్కడ అసలు మీద వేలు పెట్టి చూస్తాను.

తెగిపోయిన ఆ ఐదు ఫైళ్లనూ నేను తీసేయలేదు. మీ తదుపరి సంచిక విడుదల చేసే ముందు పరీక్షకు నిజమైన చెడ్డ ఫైలు కావాలంటే, తెలుగు పేర్లతో, తెలుగు ఫోటోలతో, తెగిన రికార్డింగుతో సహా ఇస్తాను. అందులోని మనుషుల వివరాలు బయట పెట్టబోమని మాత్రం రాసివ్వండి. మీ సాఫ్ట్‌వేర్ దాన్ని తెరిచి, ‘ఇది అసంపూర్ణం, తొమ్మిదో రికార్డింగు ఆరో నిమిషంలో తెగింది’ అని చెప్పిన రోజు నాకు కబురు పెట్టండి.

ఇట్లు,
ఒక దస్తావేజు లేఖరి,
కావలి